అత్తమ్మ గొంతుకు ఆరు తీగలు

థైరాయిడ్ గడ్డ తీసేసిన తర్వాత మా అత్తమ్మ గొంతు కిందికి దిగిపోయింది. మాటకేమీ లోటు లేదు. కూరగాయల బండి దగ్గర బేరం మునుపటిలాగే సాగుతుంది, ఇంట్లో ఎవరికి పడవలసినవి వాళ్ళకు పడుతూనే ఉంటాయి. మేడ మీది నుంచి పాలమనిషిని కేకవేయడం మాత్రం నా పనైంది. ఆమె స్వరం ఎత్తితే జీరపోయి మధ్యలోనే ఆగిపోతుంది. పై స్థాయి తగ్గవచ్చని డాక్టరు ముందే చెప్పాడు, ఆమె సరేనంది. గడ్డ చెడ్డది కాకుంటే చాలని ఇంటిల్లిపాదీ మొక్కుకుంటున్న రోజులవి. పాట సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ ఏడు దసరా దగ్గరపడ్డాక గుర్తొచ్చింది. అత్తమ్మ పుట్టిల్లు జమ్మలమడుగు. అక్కడ వాళ్ళవాళ్ళ అమ్మవారి గుడిని శాల అంటారు. ఆ శాలలో విజయదశమి పొద్దున అమ్మవారికి హారతి పాట ఒక్క ఆడపడుచే పాడాలి. పెళ్ళయి ఏ ఊరికి పోయినా ఆ పొద్దుటికి వచ్చి పాడి పోవాలి. ఒక ఏడు రాలేకపోతే పురుడో, జబ్బో, మైలో అనుకుని ఊరుకుంటారు. వరుసగా రెండో ఏడు కూడా రాకపోతే పాట ఇంకో ఆడపడుచుకు వెళ్ళిపోతుంది, మళ్ళీ తిరిగి రాదు. అత్తమ్మకు ఆ పాట వాళ్ళ మేనత్త దగ్గరి నుంచి వచ్చింది. పెళ్ళి కాకముందు నుంచీ ఆమే పాడుతోంది. ఆపరేషన్ అయిన ఏడు పోలేదు. అంటే వచ్చే దసరాకు పాడితే పాట ఆమెది, లేకపోతే కాదు.

ప్రొద్దుటూరులో మాది బట్టల అంగడి. పండగలకూ పెళ్ళిళ్ళకూ ఇంట్లో ఆడవాళ్ళు కూడా అంగట్లో నిలబడాల్సిందే. అయినా శుక్రవారం సాయంత్రం మాత్రం అత్తమ్మ చిరతలు తీసుకుని భజనకు పోయేది. గొంతు కొంచెం కుదుటపడ్డాక ఒక శుక్రవారం మళ్ళీ బయలుదేరింది, నేనూ వెంట పోయాను. అక్కడ హార్మోనియం వాయించేది రిటైరైన అయ్యవారు ఒకాయన. చాలా మంచి మనిషి. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆయన వేళ్ళకు తెలిసింది ఐదు శ్రుతి, ఆడవాళ్ళు ఎత్తుగా పాడే స్థాయి. ఐదు కాకుండా ఇంకెక్కడ మొదలుపెట్టమన్నా ఆయన చెయ్యి మెట్ల మీద తడబడుతుంది. అత్తమ్మ కోసం కిందికి దిగి వాయించాలని పాపం ప్రయత్నించాడు, రెండు చరణాలు కలగాపులగం చేశాడు, చివరికి చెమట తుడుచుకుంటూ తన ఐదుకే వచ్చాడు. అత్తమ్మ ఆ ఐదును అందుకోబోయింది. గొంతు పలకలేదు. పక్కనున్న ఆడవాళ్ళు గబగబా అందుకుని పాట పూర్తిచేశారు, ఈమెను తాళం వేస్తూ కూర్చోమన్నారు. వాళ్ళు ప్రేమగానే అన్నారు. అదే ఆమెకు తగలరాని చోట తగిలింది.

ఇంటికొచ్చి చిరతలు దేవుడి గూట్లో వెనకెక్కడో పెట్టేసింది. వంటింట్లో చారుకు పోపు పెడుతూ, జమ్మలమడుగుకు ఫోను చేసి పాట ఇంకెవరికైనా ఇచ్చేయమని చెబుతానంది.

"ఇంగ నాతో కాదులే పాపా. వాళ్ళు తీసుకునేదానికంటే ముందే నేనిచ్చేస్తే మర్యాదగా ఉంటాది."

"ఇచ్చేదానికి అదేమన్నా పాత చీరనా అత్తమ్మా," అన్నాను నేను. కోపంగానే అన్నాను. నాకు కోపం వచ్చేది తక్కువేమీ కాదు, వస్తే పోయేది మాత్రం ఆలస్యం. ఆ ఫోను దసరా వరకు చేయకూడదని ఆమె దగ్గర మాట తీసుకున్నాను. ఎలా పాడిస్తావని ఆమె అడగలేదు. అడిగుంటే నా దగ్గర జవాబు లేదు.

జవాబు బీరువా పైన ఉంది, గుడ్డ సంచిలో. నేను పులివెందుల పిల్లను. కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు పట్టుబట్టి గిటారు నేర్చుకున్నాను, పెళ్ళిలో ఆ గిటారును కూడా సామానుతో పాటు లారీ ఎక్కించాను. అత్తగారింట్లో దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. వాయించమనీ అనలేదు. బట్టలు ఆరేసే గదిలో మధ్యాహ్నం పూట అప్పుడప్పుడు వాయించుకునేదాన్ని. నా పాటలు ఇంగ్లీషువీ హిందీవీ, అత్తమ్మకు అవి వర్షం చప్పుడుతో సమానం. ఆమె పాటకు నా గిటారు కలుస్తుందని అంతవరకూ నాకే తోచలేదు.

ముందు సులువు దారి చూశాను. ఫోన్లో శ్రుతిపెట్టె యాప్ పెట్టి ఆమె ముందు ఉంచాను. కావలసిన శ్రుతి ఎంచుకోవచ్చు, కిందికీ పైకీ జరుపుకోవచ్చు, మంచిదే. ఆమె కాసేపు విని మొహం చిట్లించుకుంది. ఆపరేషన్ తర్వాత ఆమెకు ఊపిరి ఇదివరకటంత నిలవడం లేదు, ఒక్కో పాదం తర్వాత ఆగి గాలి పీల్చుకోవాలి. ఆ యాప్ ఆగదు. అదీగాక పొద్దున ఒకచోట ఉండే గొంతు సాయంత్రానికి ఇంకోచోట ఉంటుంది. "నేను నిలబడితే అది నిలబడదు, ఊరికే అరుస్తానే ఉంటాది," అంది. "అయినా అమ్మవారి ముందర ఫోను పెట్టుకుని పాడతానా నేను?" అంది. ఆ రెండో మాట తర్వాత వాదించి లాభం లేదని నాకు తెలుసు.

అప్పుడు గిటారు దించాను. మామూలు పద్ధతిలోనే బిరడాలు తిప్పి తీగలు సరిచేసుకుని, ఆమె పాటకు కార్డులు, అంటే మూడు నాలుగు స్వరాలు ఒకేసారి పలికే పట్లు, వెతికి, ఒక ఆదివారం పొద్దున వాయించాను. ఎంతో బాగుందని నాకు అనిపించింది. ఆమె ఒక పాదం పాడింది, రెండో పాదంలో నేను కార్డు మార్చగానే ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ అక్కడే ఆగిపోయింది.

"నా పాట మింద నువ్వు వేరే పాట వాయిస్తాండావు పాపా. నువ్వట్ల పోతాంటే నేను యాడ నిలబడల్ల?"

నాకు చిర్రెత్తింది. కాలేజీలో ఇదే కార్డుకు చప్పట్లు పడేవి. గిటారు పక్కన పెట్టి కిందికి పోయి పప్పు రుబ్బుకున్నాను. రుబ్బుతూ ఉండగా ఆమె అన్నది నిజమేనని అర్థమైంది. ఆమెకు కావలసింది కదిలేది కాదు. కాలు మోపుకునే చోటు. అయితే నా చేతి కింద తీగలన్నీ పలకవలసినవి రెండే స్వరాలు, స, ప. ఆరు తీగలూ అవే పలికితే ఏ తీగ మీద వేలు పడినా ఆమె కింద నేల కదలదు.

చెప్పినంత తేలిక కాదది. గిటారు తీగల బిగువు అలాంటి కట్టుబడి కోసం తయారైంది కాదు. ఆమె గొంతుకు స ఎక్కడుందో ముందు తేలాలి. ఫోన్లో ట్యూనర్ పెట్టి పాడించాను. తీగ సరిగ్గా స్వరం మీద పడితే అందులో పచ్చ రంగు వెలుగుతుంది, పడకపోతే ముల్లు ఎర్రగా అటో ఇటో ఊగుతుంది. నేను పదేళ్ళుగా ఆ పచ్చరంగును నమ్ముకునే వాయించాను. అత్తమ్మ స్వరానికి పచ్చ వెలగలేదు. రెండు శ్రుతికి కొంచెం పైన, రెండున్నరకు బాగా కింద, ఆ సందులో ఆమె గొంతు హాయిగా కూర్చుంది. కొంచెం ఎత్తమన్నాను, జీర వచ్చింది. కొంచెం దించమన్నాను, గాలి మాత్రమే వచ్చింది. వారం పాటు ఆమెను పచ్చలోకి లాగాలని చూశాను. ఆమె ఓపికగా లాగించుకుంది. ఆ వారం చివర ఆమె దగ్గుతూ మంచినీళ్ళు తాగుతుంటే నా మీద నాకే కోపం వచ్చి ఫోను తీసి దిండు కింద పెట్టాను. గొంతును మార్చలేం, తీగ కదా మారేది.

ఆ రోజు నుంచి ఆమె స అంటుంది, నేను లావు తీగను దించుకుంటూ వస్తాను. అది ఆమె స్వరం కిందికి పోయిన తర్వాత మెల్లగా పైకి తెస్తాను. పై నుంచి దించి ఆపితే తీగ కాసేపటికి ఇంకా జారుతుంది, కింది నుంచి ఎక్కించి ఆపితే నిలుస్తుంది. ఇది హాస్టల్ నాటి జ్ఞానం. రెండు స్వరాలు దగ్గరికొచ్చే కొద్దీ మధ్యలో ఒక వణుకు వినిపిస్తుంది, వేగంగా మొదలై నెమ్మదిస్తుంది, కలిసినప్పుడు ఆగిపోతుంది. మొదట్లో ఆ వణుకు నాకొక్కదానికే వినిపించేది. ఆషాఢం వచ్చేసరికి అత్తమ్మ కూడా వినడం మొదలుపెట్టింది. "ఇంగా కొట్టుకుంటాంది," అనేది. లావు తీగ స, దాని కిందిది ప, మూడోది స. నాలుగోదాన్ని ప వరకు ఎక్కించాలి, ఐదోదాన్ని ప వరకు దించాలి, సన్న తీగ మళ్ళీ స. నాలుగో తీగ పాతది, ఎక్కిస్తూ ఉండగా ఫట్టుమని తెగి నా ముంజేతి మీద గీత పెట్టింది.

ప్రొద్దుటూరులో సంగీత వాద్యాల అంగడి ఉంది, అక్కడ హార్మోనియాలూ డోలక్కులూ చిరతలూ దొరుకుతాయి. గిటారు తీగలు అడిగితే రేపు రమ్మంటారు, ఆ రేపు వచ్చేది కాదు. శ్రావణ మాసం గిరాకీ మొదలయ్యే లోపు పుట్టింటికని పులివెందుల బస్సెక్కాను. తొండూరు దాటాక బత్తాయిలు కాసే చీనీ తోటల మీది గాలి కిటికీలోంచి వచ్చి ఒళ్ళో ఉన్న గిటారు సంచిని ఊపుతోంటే ముందు సీటు ముసలాయన అందులో ఏముందని అడిగాడు. చెప్పాను. బట్టల అంగడి కోడలికి ఇదెందుకని మళ్ళీ అడిగాడు. మా అత్తమ్మ కోసమన్నాను. ఆయన నన్నొకసారి పరీక్షగా చూసి కళ్ళు మూసుకున్నాడు.

పులివెందులలో మా ఇంటి వెనక చర్చిలో ఆదివారాలు గిటారు వాయించే తమ్ముడొకడున్నాడు. నాకన్నా చాలా బాగా వాయిస్తాడు. అతని దగ్గర కొత్త తీగలు రెండు జతలు తీసుకున్నాను, అక్కడే కూర్చుని కట్టి చూపించాను. నేను ఆరు తీగలనూ రెండు స్వరాల మీదికి తెస్తుంటే అతను నొచ్చుకున్నాడు.

"ఇట్ల కడితే కార్డ్సు పడవు కదక్కా. ఎడమ చేత్తో ఏం చేస్తావు? ఇది గిటారు ఎట్లయితాది?"

కాకపోతే పోనీలే అన్నాను. అతను నవ్వి పెన్సిల్ ముక్క ఒకటి తెచ్చి, తల దగ్గర తీగలు కూర్చునే గాడుల్లో దాని మొన రుద్ది ఇచ్చాడు. తీగ పట్టుకోకుండా జారుతుంది, మాటిమాటికీ శ్రుతి తప్పదు. ఎడమ చేతి గురించి అతనన్నది బస్సులో తిరిగి వస్తుంటే ఆలోచించాను. నిజమే, ఈ కట్టుబడిలో ఎడమ చేతికి పని లేదు. సరే, అది బిరడాల దగ్గర కాపలా ఉంటుంది అనుకున్నాను.

కాపలా అవసరమే అయింది. మా ఊరి ఎండకు ఏ తీగా చెప్పినచోట ఉండదు. మేడ మీద రేకుల గదిలో వాయిస్తే పాట పూర్తయ్యే లోపు సగం స్వరం దిగుతుంది. నట్టింట్లో కూలర్ ముందు కూర్చుంటే చెక్క తేమ పట్టి తీగలు పైకి పోతాయి. వాన పడ్డ రోజు ఒక లెక్క, గాలి ఆడని రోజు ఒక లెక్క. కొత్త తీగలను వేళ్ళతో మెల్లగా లాగి సాగదీసి, మళ్ళీ ఎక్కించి, మళ్ళీ లాగి, చివరికి పట్టు చిక్కేలా చేశాను. రోజూ మధ్యాహ్నం మామ అంగడికి తిరిగి పోయాక మేమిద్దరం మెట్ల కింద చల్లటి చోట కూర్చునేవాళ్ళం. ఆమె మొదట ఒక్క పాదమే పాడేది. తర్వాత పల్లవి. భాద్రపదంలో రెండు చరణాలు అయ్యాయి. పాటలో చివరి పాదం మాత్రం పైకి పోవాలి, ఆ పాదం దగ్గర ఆమె గొంతు చిట్లేది. దాన్ని కింది స్థాయిలోనే ముగించేద్దామని నేనన్నాను. చూద్దాంలే అంది. ఆమె చూద్దాంలే అంటే కాదని అర్థం.

దసరా వచ్చింది. ప్రొద్దుటూరులో దసరా అంటే అంగడివాళ్ళకు నిద్రాహారాలు ఉండవు, ఊరంతా మన గుమ్మం ముందు నుంచే పోతున్నట్టుంటుంది. ఆయుధపూజ నాడు మామ కత్తెరలూ గజం కడ్డీలూ కుట్టు మిషనూ స్కూటరూ అన్నీ కడిగించి వరసగా పెట్టించాడు. నేను వంటింట్లో పులిహోర కలుపుతున్నాను. కలిపి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆ వరసలో కత్తెరలకూ కుట్టు మిషనుకూ మధ్య నా గిటారు ఉంది. చెక్కకంతా పసుపు. తీగలకు ఈ చివర నుంచి ఆ చివర దాకా తడి పసుపు మెత్తి, ఒక్కో తీగకూ జాగ్రత్తగా కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. బిరడాల మధ్య బంతిపువ్వు.

పెట్టింది అత్తమ్మే. పక్కనే నిలబడి ఉంది, నేను సంతోషిస్తానని చూస్తోంది. ఈ ఇంట్లో పనిచేసే ప్రతి వస్తువుకూ ఆ రోజు పసుపు పడుతుంది. పెళ్ళయి ఇన్నేళ్ళలో నా గిటారుకు పడటం అదే మొదలు. నాకు అరవాలనిపించింది, ఆమె కాళ్ళ మీద పడాలనీ అనిపించింది, రెండూ ఒకేసారి. ఏదీ చేయలేదు. హారతి అయ్యేవరకు అందరితో పాటు దణ్ణం పెట్టుకుని నిలబడ్డాను.

హారతి కాగానే తుడిచాను. సన్న తీగలు పర్వాలేదు. లావు తీగలు నాలుగింటికీ లోపలి ఉక్కు మీద సన్నటి రాగి చుట్టు ఉంటుంది, ఆ చుట్టు సందుల్లో పసుపు దిగి ఎండిపోయింది. మీటితే చెక్క మీద వేలితో కొట్టినట్టు పలికింది. పులివెందుల నుంచి తెచ్చిన మొదటి జత సాగదీసి సాగదీసి భాద్రపదంలోనే అయిపోయింది, ఇప్పుడు కట్టి ఉన్నవి రెండో జతవే. తెల్లవారితే దశమి. అంగళ్ళన్నీ పూజలో ఉన్నాయి.

ఆ నాలుగు లావు తీగలూ విప్పి, చుట్టగా చుట్టి, గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాను. ఉడికిస్తే సందుల్లోని మురికి వదులుతుందని హాస్టల్లో ఒకసారి చేసి చూశాం. నీళ్ళు పచ్చగా మారి మరుగుతున్నాయి. అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"తీగలతో సారు కాస్తాండావా?"

చెప్పాను, ఎందుకు కాయవలసి వచ్చిందో. మెల్లగానే చెప్పాలనుకున్నాను, కొంచెం గట్టిగా వచ్చింది. ఆమె మొహం వాడిపోయింది. పీట వాల్చుకుని కూర్చుని, గిన్నెలోకి చూస్తూ, అమ్మవారే వద్దంటోందేమో అంది. అమ్మవారు పసుపు మెత్తమని చెప్పిందా, మీరు మెత్తినారు, నేను ఉడకబెడతాండాను, మధ్యలో ఆమెనెందుకు లాగుతారని అడిగాను. అత్తమ్మ లేచి పాత మెత్తటి చీర ముక్క తెచ్చి, పట్టకారుతో ఒక్కో తీగ నేను తీసిస్తుంటే తుడుస్తూ కూర్చుంది. సాయంత్రానికి తీగలు కట్టాను. మళ్ళీ పలికాయి, మునుపటంత మెరుపు లేకపోయినా పలికాయి. ఉడికి ఆరిన తీగ కట్టిన మర్నాడే నిలకడగా ఉండదని నాకు తెలుసు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

పొద్దున్నే కారులో జమ్మలమడుగు బయలుదేరాం. ఏసీ వద్దన్నాను, కిటికీలు తెరవద్దన్నాను, డ్రైవరు మమ్మల్ని తిట్టుకుంటూనే నడిపాడు. శాల కిక్కిరిసి ఉంది. శాల పెద్దావిడ అత్తమ్మను చూసి దగ్గరికి తీసుకుంది, గొంతెలా ఉందని అడిగింది. ఆమె వెనకే పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని, అత్తమ్మకు వరసకు చెల్లెలయ్యే ఒకావిడ కూర్చుంది. ఆవిడ ఎందుకు కూర్చుందో అందరికీ తెలుసు. ఆవిడ కూడా ఇబ్బందిగా నవ్వింది. తప్పు పట్టడానికి లేదు, హారతి ఆగకూడదు కాబట్టి ఎవరో ఒకరు సిద్ధంగా ఉండాలి. గిటారు చూసి కొందరు గుసగుసలాడారు. పసుపు మరకలున్న గిటారు కాబట్టి కాబోలు, వద్దని మాత్రం ఎవరూ అనలేదు.

చాప మీద కూర్చున్నాం. ఆమె నాకొక్కదానికే వినిపించేలా స అంది, నేను ఆరు తీగలూ కలిపాను. మైకు మా మధ్యకు వచ్చింది. హారతి పళ్ళెం వెలిగింది.

ఆమె గొంతు మైకులో మొదటిసారి వినిపించినప్పుడు శాలలో మాటలు ఆగలేదు, కొందరికి అది ఆమె గొంతని తెలియలేదు. ఇదివరకటి సన్నటి గొంతు కాదిది. కిందుగా, కొంచెం గరుకుగా, నెమ్మదిగా ఉంది. ఊపిరి కోసం ఆమె ఆగిన చోటల్లా నేనూ ఆగాను. పల్లవి అయింది. మొదటి చరణం మధ్యలో నా భయం నిజమైంది. దీపాల వేడి, జనం వేడి, ఉడికిన తీగ. రెండో తీగ ప దిగడం మొదలుపెట్టింది. వణుకు వినిపిస్తోంది. మైకు దాన్ని శాలంతా పంచుతోంది. ఎడమ చెయ్యి బిరడా మీదే ఉంది గానీ ఆ హోరులో తీగ ఎంత దిగిందో, ఎంత ఎక్కించాలో నాకు అంతుపట్టలేదు. చెమటకు బిరడా జారుతోంది. ఆపేద్దాం, సరిచేసుకుని మళ్ళీ మొదలుపెడదాం అనుకుని ఆమె వైపు చూశాను.

ఆమె కళ్ళు మూసుకుని పాడుతూనే ఉంది. పాడుతూనే కుడిచెయ్యి నా వైపు చాచి, చూపుడు వేలు పైకి కదిపింది. తిప్పాను. ఇంకా అన్నట్టు కదిపింది. తిప్పాను. పాదం ఎక్కడా తడబడలేదు. వేలు నెమ్మదించింది, ఇంకొంచెం, ఇంకొంచెం, తర్వాత పిడికిలి బిగించింది. వణుకు ఆగిపోయింది. ఆ వెంటనే వేలు మళ్ళీ లేచింది. మూడో తీగ. శాలలో మాటలు అప్పుడు ఆగాయి. నెలల తరబడి ఈమెకు శ్రుతి నేనిస్తున్నాననుకున్నాను. ఇక్కడ నాకు ఏమీ వినిపించని చోట ఆమెకు అంతా వినిపిస్తోంది. నా కళ్ళు మసకబారాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

చివరి పాదం వచ్చింది. కింది స్థాయిలో ముగిస్తుందని ఇంకా ఆశ ఉంది నాకు. ఆమె పైకే వెళ్ళింది. గొంతు చిట్లింది, మైకులో, అందరి ముందూ. పళ్ళెం పట్టుకున్న చేతులు ఆగాయి. చెల్లెలు వరసైన ఆవిడ అందుకోవడానికి నోరు తెరిచింది. అత్తమ్మ కళ్ళు తెరవకుండానే అరచెయ్యి చూపించి ఆవిడను ఆపింది. ఊపిరి పీల్చుకుంది. నేను ఆరు తీగలూ మీటుతూనే ఉన్నాను. ఆ పాదాన్ని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్ళీ చిట్లింది, ఈసారి కొంచెం పై మెట్టు మీద. ఆపలేదు. చిట్లిన గొంతుతోనే, గాలీ స్వరమూ సగం సగంగా, పై స దాకా పోయి అక్కడ నిలబడింది. ఎంతోసేపు కాదు. హారతి పళ్ళెం ఒక చుట్టు తిరిగేంతసేపు.

పాట అయ్యాక ఆమె చాప మీదే కూర్చుని మంచినీళ్ళు అడిగింది. మెడ దగ్గర ఆపరేషన్ గీత చెమటతో మెరుస్తోంది. ఆడవాళ్ళు చుట్టూ మూగి, ఆమె చెయ్యి పట్టుకునే వాళ్ళు పట్టుకుంటున్నారు, కళ్ళొత్తుకునే వాళ్ళు ఒత్తుకుంటున్నారు. శాల పెద్దావిడ వంగి, కష్టపడ్డావమ్మా, ఎంత కష్టపడ్డావో చూసినాము, వచ్చే ఏటికి ఎవరికి చెబుదామో నువ్వే ఒక మాట చెప్పు అని మెత్తగా అడిగింది.

అత్తమ్మ గ్లాసులో నీళ్ళు మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి, ఆమె వైపు చూసింది.

"ఎవరేంది? నేనే."